డెవిల్స్ ఆన్ హార్స్‌బ్యాక్: బేకన్ చుట్టిన ప్రూన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో క్రిస్మస్ పార్టీకి వెళ్లిన మనవాళ్లకు టూత్‌పిక్ గుచ్చిన ఒక చిన్న ఎర్రటి ఉండ ట్రే మీద కనిపించే ఉంటుంది. లోపల ఏముందో పైకి తెలియదు. అది ఏమిటి, తినొచ్చా, ఇంట్లో చేసుకోవాలంటే ఎలా, ప్రూన్ దొరక్కపోతే ఏం చేయాలి అని అడిగేవాళ్ల కోసం ఈ జవాబులు.

ఇంతకీ ఇది ఏమిటి?

గింజ తీసిన ప్రూన్‌కి సన్నటి బేకన్ ముక్క చుట్టి ఓవెన్‌లో కాలుస్తారు. అంతే. ప్రూన్ అంటే ఎండబెట్టిన ప్లమ్ పండు. బేకన్ అంటే ఉప్పు పట్టించి నిల్వ చేసిన పంది మాంసం, పొగ పెట్టిందీ పెట్టనిదీ రెండూ దొరుకుతాయి. ప్రూన్‌లో గింజ తీసిన ఖాళీలో బాదం పప్పో, మామిడి చట్నీయో, చీజో పెడతారు. ఏమీ పెట్టకుండా చేసేవాళ్లూ ఉన్నారు. పైన ఉప్పగా కరకరలాడాలి, లోపల తియ్యగా పుల్లగా మెత్తగా ఉండాలి. వేడి మీద తినాల్సిందే. చల్లారితే బేకన్ కొవ్వు పేరుకుని నోటికి జిడ్డుగా తగులుతుంది.

ఇది స్టార్టరే కదా?

ఇప్పుడు స్టార్టరే. పుట్టినప్పుడు మాత్రం కాదు. ఈ సంగతి తెలిస్తే ఈ వంటకం ఇంత ఉప్పగా, ఇంత చిన్నగా ఎందుకుంటుందో కూడా అర్థమవుతుంది.

19వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఇంగ్లండ్ సంపన్నుల ఇళ్లలో వడ్డన తీరు మారింది. అంతకుముందు వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవారు. తర్వాత రష్యన్ పద్ధతి అని ఒకదాని తర్వాత ఒకటి తెచ్చి వడ్డించడం మొదలైంది. సూప్, చేప, మాంసం, ఆ తర్వాత స్వీటు. స్వీటు అయ్యాక భోజనం అయిపోలేదు, సేవరీ అని ఇంకో వంతు ఉండేది. అరచేతిలో సగం ఉండే టోస్టు మీద ఉప్పగా, కారంగా ఒక ముక్క. నోట్లో తీపి పోగొట్టి, తర్వాత వచ్చే పోర్ట్ వైన్‌కి నాలుకను సిద్ధం చేయడం దాని పని. స్వీటు తిన్నాక మళ్లీ ఉప్పు ఏమిటని మనకు ఆశ్చర్యం అక్కర్లేదు. పూర్ణం బూరెలు తిని కూడా చివరికి పెరుగన్నంలో ఊరగాయ నంజుకుంటే తప్ప విస్తరి ముందు నుంచి లేవని వాళ్లం.

చీజ్ కరిగించి టోస్టు మీద పోసే వెల్ష్ రేర్‌బిట్, గుడ్డు, ఆంచోవీ చేపలతో చేసే స్కాచ్ వుడ్‌కాక్, బేకన్ చుట్టిన ఆల్చిప్పలు ఈ సేవరీ వరుసలోవే. మన ప్రూన్ కూడా అక్కడిదే. విక్టోరియా రాణి కాలం చివర్లోనూ, ఏడో ఎడ్వర్డ్ రాజు కాలంలోనూ ఇది బాగా నడిచింది.

తర్వాత యుద్ధం వచ్చింది. 1940 జనవరి 8న బ్రిటన్‌లో ఆహార రేషన్ మొదలుపెట్టినప్పుడు మొదటి జాబితాలోనే వెన్న, చక్కెరతో పాటు బేకన్ ఉంది. మనిషికి వారానికి సుమారు 113 గ్రాములు. ఆ కోటాలో పొద్దుటి గుడ్డు పక్కన పెట్టుకోవడానికే సరిపోదు, భోజనం చివర సేవరీకి ఎవరు తీస్తారు? బేకన్ మీద రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954 జూలైలో. అప్పటికి అన్ని వంతుల భోజనాలు, వాటిని వడ్డించే నౌకర్లు చాలా ఇళ్లలో లేరు. సేవరీ అన్న వంతే మెల్లగా మాయమైంది. లండన్‌లోని పాత క్లబ్బుల్లో, కొన్ని పాతకాలపు రెస్టారెంట్లలో మాత్రం మెనూ చివర ఇప్పటికీ కనిపిస్తుంది. బేకన్ చుట్టిన ప్రూన్ అదృష్టం వేరు. నిలబడి గ్లాసు పట్టుకుని తినే పార్టీలు వచ్చాక, టోస్టు వదిలేసి టూత్‌పిక్ గుచ్చుకుని చివరి వంతు నుంచి మొదటి వంతుకి వచ్చేసింది.

ఆ పేరేమిటి, గుర్రమెక్కిన దయ్యాలని?

దీనికంటే ముందు ఏంజెల్స్ ఆన్ హార్స్‌బ్యాక్ ఉంది. ఆల్చిప్ప మాంసానికి బేకన్ చుట్టి టోస్టు మీద పెడితే అది గుర్రమెక్కిన దేవదూత. తెల్లటి ఆల్చిప్ప స్థానంలో నల్లగా ముడతలు పడ్డ ప్రూన్ పెట్టేసరికి దేవదూత కాస్తా దయ్యమైంది. ఇంగ్లీషు వంటలో కారం, మిరియాలు, ఆవాలు దట్టించిన దేన్నైనా డెవిల్ చేసింది అనే అంటారు. పాతకాలంలో ఈ ప్రూన్ల మీద కారం చల్లేవారు కాబట్టి ఆ అర్థమూ కలిసొచ్చింది.

ఏంజెల్స్, డెవిల్స్, పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్ అన్నీ ఒకటేనా?

కాదు. బేకన్ చుట్టడం మాత్రమే మూడింటికీ ఉమ్మడి. ఏంజెల్స్‌లో ఆల్చిప్ప, డెవిల్స్‌లో పండు, పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్‌లో వేలెడంత సాసేజ్. ఈ మూడోది క్రిస్మస్ రోజు టర్కీ కోడి పక్కన పళ్లెంలోనే ఉంటుంది. అమెరికాలో ఉన్న మీ బంధువులు అదే పేరు చెబితే మాత్రం అది వేరు. అక్కడ సాసేజ్‌కి చుట్టేది బేకన్ కాదు, మైదా పిండి.

ఏంజెల్స్ ఇప్పుడు ఖరీదైన వ్యవహారం. 19వ శతాబ్దంలో లండన్ వీధుల్లో ఆల్చిప్పలు పేదవాళ్లు కొనుక్కు తినేంత చవక. విపరీతంగా పట్టేసి సముద్రపు పడకలు ఖాళీ చేశాక ధర పెరిగింది. ప్రూన్‌కి ఆ బాధ లేదు, అల్మారాలో నెలల తరబడి పడి ఉంటుంది. దేవదూత కంటే దయ్యమే ఎక్కువ ఇళ్లకు చేరడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ప్రూన్ మంచిదా, ఖర్జూరం మంచిదా?

రెండింటితోనూ చేస్తారు. అమెరికాలో ఎక్కువగా ఖర్జూరంతోనే. స్పెయిన్‌లో బేకన్ చుట్టిన ఖర్జూరం బార్లలో దొరికే మామూలు చిరుతిండి, జర్మనీలోనూ ఉంది. బ్రిటన్‌లో ఇప్పుడు ఎవరికి దొరికింది వాళ్లు పెడుతున్నారు.

నా ఓటు మాత్రం ప్రూన్‌కే. ఖర్జూరంలో పులుపు లేదు. ఉప్పటి బేకన్, తియ్యటి ఖర్జూరం కలిస్తే మొదటి ముక్క అద్భుతంగా ఉంటుంది, మూడోదానికి మొహం మొత్తుతుంది. ప్రూన్‌లో తీపితో పాటు పులుపూ, కాస్త వగరూ ఉన్నాయి. బేకన్ కొవ్వును కోసేది ఆ పులుపే. ఖర్జూరమే వాడాల్సి వస్తే పులుపు బయటి నుంచి తేవాలి. లోపల ఒక చుక్క నిమ్మరసం కలిపిన చీజ్ పెట్టండి, లేదా పుల్లటి చట్నీ. మెజూల్ లాంటి పెద్ద ఖర్జూరం అయితే సగానికి కోసి వాడండి, లేకపోతే పండు ఎక్కువై బేకన్ తక్కువవుతుంది.

ప్రూన్లలో పేరున్నవి ఫ్రాన్స్‌లోని అజాన్ ప్రాంతానివి. లూయి పెల్లియే అనే ఫ్రెంచి తోటమాలి 1856లో ఆ జాతి అంట్లు కాలిఫోర్నియాకి తెప్పించాడు. ఇప్పుడు మన సూపర్ మార్కెట్లలో కనిపించే ప్రూన్ ప్యాకెట్ల మీద ఎక్కువగా కాలిఫోర్నియా అనే రాసి ఉంటుంది.

ఆల్‌బుఖారా వాడొచ్చా? బేగం బజార్‌లో అదే దొరుకుతుంది.

ఆల్‌బుఖారా కూడా ఎండిన ప్లమ్మే, కానీ జాతి వేరు, తీరు వేరు. ప్రూన్ కంటే చాలా పులుపు, గట్టిదనం ఎక్కువ, చాలాసార్లు గింజతోనే వస్తుంది. బిర్యానీలో, చట్నీలో దాని పులుపు పనికొస్తుంది. ఇక్కడ నేరుగా చుడితే ఉప్పు మీద పులుపై తీపి కనబడదు. వేరే దారి లేకపోతే వేడి నీళ్లలో ఒక చెంచా బెల్లం కరిగించి అందులో గంట నానబెట్టి, గింజ తీసి వాడండి. గింజ విషయంలో అశ్రద్ధ వద్దు. గింజ తీసినవి అని రాసి ఉన్న ప్యాకెట్‌లో కూడా ఒకటి రెండు మిగిలిపోతుంటాయి. బేకన్ చుట్టాక అవి కనిపించవు, పన్ను విరిగేదాకా తెలియదు. ప్రతిదాన్నీ వేళ్లతో ఒకసారి నొక్కి చూడండి.

ఏ బేకన్ కొనాలి?

స్ట్రీకీ బేకన్. పంది పొట్ట భాగం నుంచి తీసేది, పొడుగ్గా సన్నగా కొవ్వు చారలతో ఉంటుంది. బ్రిటన్ షాపుల్లో మామూలుగా బేకన్ అంటే వీపు భాగంతో చేసే బ్యాక్ బేకన్. అది వెడల్పుగా, మాంసం ఎక్కువగా ఉంటుంది, అల్పాహారానికి బాగుంటుంది కానీ దీనికి పనికిరాదు. చుట్టినా నిలవదు, కాలితే తోలులా సాగుతుంది. స్ట్రీకీలోని కొవ్వు కరుగుతూ పండును తడుపుతుంది, ముక్క కరకరలాడుతుంది.

సన్నటిది తీసుకోండి. మందంగా కోసిన ఖరీదైన బేకన్ ఇక్కడ దండగ, అది ఉడికేలోపు ప్రూన్ మాడుతుంది. పొగ పెట్టిందా పెట్టనిదా అంటే, లోపల ఏమీ పెట్టకపోతే పొగ పెట్టిందే మేలు. లోపల చట్నీయో ఘాటైన చీజో ఉంటే పొగ పెట్టనిది చాలు.

హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో పెద్ద సూపర్ మార్కెట్ల ఫ్రీజర్లలో బేకన్ దొరుకుతుంది. దాన్ని రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించి పూర్తిగా కరగనివ్వండి. సగం గడ్డగా ఉన్నప్పుడు విడదీస్తే చిరుగుతుంది.

సరే, ఎలా చేయాలి?

24 ముక్కలకు కావాల్సినవి: గింజ తీసిన మెత్తటి ప్రూన్లు 24, సన్నటి స్ట్రీకీ బేకన్ ముక్కలు 12, పొట్టు తీసిన బాదం పప్పులు 24, మిరియాల పొడి, చిటికెడు కారం. ఉప్పు వేయొద్దు. బేకన్‌లో ఉన్నదే ఎక్కువ.

ప్రూన్లు గట్టిగా ఉంటే పాలు లేని వేడి టీ డికాక్షన్‌లో అరగంట నానబెట్టండి. ఇది బ్రిటిష్ వాళ్ల పాత పద్ధతే. కొందరు పోర్ట్‌లోనో బ్రాందీలోనో నానబెడతారు. టీలో ఉండే వగరు ప్రూన్‌కి చక్కగా నప్పుతుంది కాబట్టి మద్యం లేదని లోటేమీ ఉండదు. ప్యాకెట్‌లోంచి తీయగానే మెత్తగా ఉంటే నానబెట్టక్కర్లేదు. నానబెట్టారంటే తర్వాత గుడ్డ మీద పరిచి బాగా ఒత్తి ఆరబెట్టండి. ఈ పని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. తడి ఉంటే బేకన్ వేగదు, ఆవిరికి ఉడుకుతుంది.

ప్రతి ప్రూన్‌లో ఒక బాదం దూర్చండి. బేకన్ ముక్కను చెక్క మీద పరిచి, చాకు వెనక వైపుతో ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒత్తుతూ లాగండి. ముక్క సాగి సన్నబడుతుంది, ఓవెన్‌లో మరీ ముడుచుకోకుండా ఉంటుంది. దాన్ని అడ్డంగా సగానికి కోసి, ఒక సగంతో ఒక ప్రూన్‌ను చుట్టండి. ఒకటిన్నర చుట్టు రావాలి. అంతకన్నా ఎక్కువైతే లోపలి పొర పచ్చిగా ఉండిపోతుంది.

ట్రే మీద బేకింగ్ పేపర్ వేసి, బేకన్ కొస కిందికి వచ్చేలా పెట్టండి. దాని బరువుకే అది అతుక్కుంటుంది. నిలవదనిపిస్తే టూత్‌పిక్ గుచ్చండి, గుచ్చేముందు వాటిని నీళ్లలో నానబెడితే మాడవు. ముక్కకీ ముక్కకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండాలి. పైన మిరియాల పొడి, కారం చల్లండి. మన గుంటూరు కారం అయితే నిజంగానే చిటికెడు. ఓవెన్‌ను ముందుగా 200 డిగ్రీలకు వేడి చేసి, 15 నుంచి 20 నిమిషాలు కాల్చండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 180 చాలు. సగంలో ఒకసారి తిప్పండి.

బయటకు తీశాక ఐదు నిమిషాలు ఆగండి. పైన చల్లారినట్టు ఉన్నా లోపలి ప్రూన్ గుజ్జు పాకంలా కాలుతుంటుంది. పిల్లలకు ఇచ్చేటప్పుడు జాగ్రత్త, వాళ్లకైతే బాదం పెట్టకుండానే చేయండి.

బేకన్ ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

రంగు చూసి చెప్పలేం. బేకన్ నిల్వ కోసం ఉప్పుతో పాటు నైట్రైట్ వాడతారు. బాట్యులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషబాధను తెచ్చే బ్యాక్టీరియాను ఆపడం దాని ముఖ్యమైన పని. మాంసానికి ఆ గులాబీ రంగును నిలబెట్టేది కూడా అదే, కాబట్టి పూర్తిగా ఉడికాక కూడా రంగు పోదు. కొవ్వు పారదర్శకంగా మారి, అంచులు బంగారు రంగులోకి వచ్చి, ముక్క పట్టుకుంటే గట్టిగా అనిపించాలి. కింద మడత దగ్గర తెల్లగా మెత్తగా ఉంటే ఇంకా కాలాలి.

లోపల ఏం పెడితే బాగుంటుంది? ఆవకాయ పెట్టొచ్చా?

బాదం పెడితే కొరికినప్పుడు తగులుతుంది, అందుకే నాకు అదే ఇష్టం. స్టిల్టన్ అనే నీలి చారల చీజ్ ఇంకో పాత అలవాటు. స్టిల్టన్ పేరుతో అమ్మాలంటే డెర్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్ అనే మూడు కౌంటీల్లోనే చేయాలని చట్టం ఉంది. తమాషా ఏమిటంటే స్టిల్టన్ అనే ఊరు ఆ మూడింట్లోనూ లేదు, కాబట్టి ఆ ఊళ్లో చేసిన చీజ్‌ను ఆ పేరుతో అమ్మడానికి లేదు. ఆంచోవీ పేస్టు, వేయించిన కోడి కార్జం పెట్టేవాళ్లూ ఉన్నారు.

అన్నిట్లోకీ మనకు దగ్గరిది మామిడి చట్నీ. ఇది ఎవరో ఈ మధ్య కలిపిన ఫ్యూజన్ కాదు. ఇక్కడ పనిచేసి వెళ్లిన ఇంగ్లీషువాళ్లతో పాటు అక్కడికి చేరి, వాళ్ల వంటింట్లో స్థిరపడిపోయిన సీసా అది. అయితే అది మన పచ్చడి కాదు. చక్కెర, వెనిగర్, అల్లం వేసి జామ్‌లా ఉడికించింది, నూనె ఉండదు. పావు చెంచా కంటే ఎక్కువ పెట్టొద్దు, కాలేటప్పుడు కారిపోయి ట్రే మీద మాడుతుంది.

ఆవకాయ పెడితే ఉప్పు మీద ఉప్పు, కొవ్వు మీద నూనె. బాగుండదు. మన ఊరగాయల్లో దీనికి కాస్తో కూస్తో సరిపడేది బెల్లం ఆవకాయ. దాని నూనె వార్చేసి, ముక్కను సన్నగా తరిగి కొంచెం దూర్చవచ్చు. అలా చేసినప్పుడు పైన కారం చల్లడం మానేయండి.

ఇంట్లో పెద్ద ఓవెన్ లేదు. ఓటీజీ, ఎయిర్ ఫ్రయర్, పెనం?

ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న ఓవెన్‌లో బాగా వస్తాయి. పది నిమిషాలు ముందుగా వేడి చేసి, రెండు రాడ్లూ ఆన్ చేసి, ట్రేను మధ్య అరలో పెట్టండి. ట్రే మీద వైర్ స్టాండ్ పెట్టి దాని మీద ముక్కలు పేరిస్తే కొవ్వు కిందికి దిగిపోతుంది. ఆ కొవ్వు రాడ్ మీద పడితే పొగ, మంట, కాబట్టి స్టాండ్ కింద ట్రే ఉండాల్సిందే.

ఎయిర్ ఫ్రయర్‌లో 180 డిగ్రీల దగ్గర ఎనిమిది నుంచి పది నిమిషాలు. ఒకదాని మీద ఒకటి వేయకూడదు. పెనం మీద చేయాలంటే సన్న మంట, నూనె అక్కర్లేదు. ముందు కొస ఉన్న వైపు కిందికి పెట్టి అది అతుక్కున్నాక మిగతా వైపులు తిప్పుకోవాలి. మామూలు మైక్రోవేవ్‌లో మాత్రం వద్దు. బేకన్ రబ్బరైపోతుంది.

నేను శాకాహారిని. పార్టీలో దీన్ని ఎలా గుర్తుపట్టాలి?

చూసి గుర్తుపట్టడం కష్టం. మసక వెలుతురులో ట్రే తిరుగుతుంటే ఇదేదో కాల్చిన పండు అనుకుని నోట్లో వేసుకోవడం సులువు. పేరులో కూడా పంది అన్న మాట ఎక్కడా లేదు.

ఒక విషయం మనవాళ్లకు తెలియాలి. బ్రిటన్‌లో తినుబండారాలు అమ్మేవాళ్లు, వడ్డించేవాళ్లు 14 రకాల అలర్జీ పదార్థాల గురించి చెప్పి తీరాలి. పాలు, గుడ్డు, చేప, బాదం లాంటి నట్స్, ఆవాలు, సల్ఫైట్లు అందులో ఉన్నాయి. పంది మాంసం లేదు, ఎందుకంటే అది ఆ జాబితాలోని అలర్జీ కాదు. కాబట్టి అలర్జీ కార్డు మీద ఏమీ లేదంటే మాంసం లేదని అర్థం కాదు. నోరు తెరిచి అడగాల్సిందే. "ఇందులో పంది మాంసం ఉందా, బీఫ్ ఉందా" అని విడివిడిగా అడగండి. మీట్ ఉందా అని మాత్రమే అడిగితే ఉందనో లేదనో చెప్పి వెళ్లిపోతారు. ఎవరూ తప్పుగా అనుకోరు, అక్కడ అలా అడగడం రోజూ జరిగే పనే.

ఇంకోటి. ఒకే ట్రేలో ఒక పక్క బేకన్ చుట్టినవి, ఇంకో పక్క చీజ్ పెట్టిన ఖర్జూరాలు ఉంటే, కరిగిన కొవ్వు అటూ ఇటూ పాకి ఉంటుంది. పట్టింపు ఉన్నవాళ్లు ఆ ట్రేనే వదిలేయడం మంచిది.

పంది మాంసం తినం, మిగతావి తింటాం. వేరే బేకన్ ఉందా?

టర్కీ కోడి మాంసంతో, గొడ్డు మాంసంతో చేసిన బేకన్ ఉన్నాయి. బ్రిటన్‌లో హలాల్ షాపుల్లో తేలిగ్గా దొరుకుతాయి. ప్యాకెట్ మీద రాషర్స్ (అంటే బేకన్ ముక్కలు) అని మాత్రమే పెద్దగా రాసి, దేని మాంసమో చిన్న అక్షరాల్లో వేస్తారు. బీఫ్ తినని ఇంట్లో అది చదవకుండా కొనొద్దు. టర్కీ బేకన్‌లో కొవ్వు తక్కువ, త్వరగా ఎండిపోతుంది. చుట్టాక పైన కరిగించిన వెన్న రాసి, ఐదు నిమిషాలు ముందే తీసేయండి.

శాకాహారంలో చేయొచ్చా?

వంకాయను పొడుగ్గా పల్చటి చీలికలుగా కోసి, సోయా సాస్, పొగ వాసన ఉండే పాప్రికా అనే మిరప పొడి పట్టించి చుట్టే పద్ధతి ఉంది. వియత్నాం వాళ్లు వాడే రైస్ పేపర్‌ను ఇలాగే నానబెట్టి చుట్టేవాళ్లూ ఉన్నారు. ఇవి తినడానికి బాగానే ఉంటాయి కానీ బేకన్ కొవ్వు చేసే పని చేయలేవు. నన్నడిగితే ఆ నకలు ప్రయత్నం కంటే, చీజ్‌గానీ మామిడి చట్నీగానీ దూర్చిన ప్రూన్లను వెన్న రాసిన టోస్టు మీద పెట్టి, మిరియాల పొడి చల్లి గ్రిల్ కింద రెండు నిమిషాలు కాల్చుకోవడం మేలు. అది వేరే వంటకం, దాని పేరు మీరే పెట్టుకోవచ్చు.

పంది మాంసం తింటే మెదడులోకి పురుగులు వెళ్తాయంటారు, నిజమేనా?

భయం పూర్తిగా గాలి మాట కాదు, కానీ దారి వేరు. బద్దెపురుగు తిత్తులున్న పంది మాంసాన్ని సరిగా ఉడకకుండా తింటే ఆ పురుగు పేగుల్లో పెరుగుతుంది. మెదడులో తిత్తులు వచ్చి మూర్ఛలు తెప్పించే జబ్బు మాత్రం ఆ పురుగు గుడ్లు మింగడం వల్ల వస్తుంది. పేగుల్లో పురుగు ఉన్న మనిషి మలంతో ఆ గుడ్లు బయటికి వచ్చి, కలుషితమైన నీళ్ల ద్వారా, కడగని ఆకుకూరల ద్వారా, శుభ్రంగా లేని చేతుల ద్వారా ఇంకొకరి నోట్లోకి వెళ్తాయి. అందుకే జన్మలో పంది మాంసం ముట్టనివాళ్లకూ ఆ జబ్బు వస్తోంది.

బేకన్ వరకు చేయాల్సింది ఇంతే: నమ్మకమైన కంపెనీ ప్యాకెట్ కొనండి, పూర్తిగా ఉడికించండి, పచ్చి బేకన్ ముట్టుకున్న చేతులు, చెక్క, చాకు సబ్బుతో కడగండి.

ఎన్ని తినొచ్చు? షుగర్ ఉన్నవాళ్ల సంగతేమిటి?

పార్టీలో నాలుగు తింటే ఏమీ కాదు. రోజూ తినే వస్తువు మాత్రం కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో బేకన్ లాంటి నిల్వ మాంసాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని అంచనా. ఎర్ర మాంసం, నిల్వ మాంసం కలిపి రోజుకు 90 గ్రాములు దాటి తినేవాళ్లు 70కి తగ్గించుకోవాలని బ్రిటన్ ఆరోగ్య సేవ చెబుతోంది. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు గురించి వేరే చెప్పక్కర్లేదు.

పది గ్రాముల ప్రూన్‌లో సుమారు ఆరు గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. అంటే నాలుగు తింటే 24 గ్రాములు. షుగర్ ఉన్నవాళ్లు ఆ పూట అన్నం తగ్గించుకుని లెక్క చూసుకోవాలి. ప్రూన్‌లో సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం, పీచు రెండూ ఎక్కువ, విరేచనం సాఫీగా అవ్వడానికి దీన్ని తినేది అందుకే. రుచిగా ఉన్నాయని పదిహేను లాగించేస్తే రాత్రికి దాని పని అది చేస్తుంది.

గర్భిణులు బేకన్ బాగా ఉడికింది అయితే తినొచ్చు. కార్జం పెట్టినవి మాత్రం వద్దు, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ. మెత్తటి నీలి చీజ్ పెట్టినవి లోపలి దాకా పొగలు కక్కేలా వేడెక్కితే తప్ప తినకూడదు. స్టిల్టన్ గట్టి చీజ్ కాబట్టి దానికి ఆ అడ్డు లేదు.

వీటితో ఏం తాగుతారు?

పాతకాలం పద్ధతిలో భోజనం చివర అయితే పోర్ట్. పార్టీ మొదట్లో అయితే డ్రై షెర్రీ అనే తీపి లేని వైన్, లేదా బుడగల వైన్. మద్యం లేకుండా అయితే తియ్యటి కూల్‌డ్రింకులు పెట్టొద్దు, పండులోనే కావాల్సినంత తీపి ఉంది. అల్లం వేసిన నిమ్మసోడా, ఉప్పు చక్కెర రెండూ తక్కువగా, బాగా కుదురుతుంది. పాలు లేని టీ ఇంకా బాగుంటుంది, ముఖ్యంగా ప్రూన్లు టీలోనే నానబెట్టి ఉంటే.

చేత్తో తినాలా, ఫోర్క్‌తోనా?

టూత్‌పిక్ ఉంటే చేత్తో. ఖాళీ పుల్లను మళ్లీ ట్రేలో పెట్టకండి, పేపర్ న్యాప్‌కిన్‌లో చుట్టి ఉంచుకోండి. కూర్చుని తినే భోజనంలో టోస్టు మీద వస్తే చాకు, ఫోర్క్ వాడండి.

ముందు రోజే చేసి పెట్టుకోవచ్చా? మిగిలితే?

చుట్టేదాకా ముందు రోజు చేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోండి. కాల్చేది మాత్రం అతిథులు వచ్చాకే. పచ్చివి ట్రే మీద విడివిడిగా గడ్డకట్టించి డబ్బాలో వేస్తే నెల రోజులు ఫ్రీజర్‌లో ఉంటాయి. కాల్చే ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చండి.

కాల్చినవి మిగలడం అరుదు. మిగిలితే రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో అయిపోగొట్టండి. మళ్లీ ఓవెన్‌లో పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. లేదా ముక్కలుగా తరిగి, మిగిలిన అన్నంతో ఉల్లిపాయ, మిరియాలు వేసి వేయించండి. ఉప్పు మాత్రం రుచి చూశాకే వేయండి.